షియెయి వేయాలంటే ముందు గీతలు దిద్దాల్సిందేనా?

వెదురుగణుపు:
షియెయి అంటే చైనా పండితులు సిరాతో వేసిన స్వేచ్ఛా చిత్రలేఖనం. ఉన్నదున్నట్టు దించకుండా, తోచిన భావాన్ని నాలుగు కుంచె విసుర్లలో పట్టుకోవడం. రెండు నెలలుగా వెదురు వేస్తున్నాను. డ్రాయింగ్ ఎప్పుడూ నేర్చుకోలేదు. వేరే గ్రూపులో పెడితే "ముందు బొమ్మ నేర్చుకో, తర్వాత భావం" అన్నారు. నిజంగా అంతేనా?

రంగులబాబాయి:
అంతే తల్లీ. పటిక పట్టించని పచ్చి షువాన్ కాగితం (ఈ బొమ్మలకి వాడే చైనా కాగితం) మీద వేసి చూశావా? కుంచె ఆనగానే సిరా పాకిపోతుంది. చెరపడానికి లేదు, పైన దిద్దడానికీ లేదు. చేయి ఒక్క క్షణం తటపటాయిస్తే అక్కడ మచ్చ పడి అలాగే ఉండిపోతుంది. చైనా చిత్రకారుడు చీ బైషీ (1864–1957) రొయ్యల్ని గిన్నెలో వేసి ఎదురుగా పెట్టుకుని చూసేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలో వాటి కాళ్లు తగ్గించుకుంటూ వచ్చాడు. అన్నీ వేయడం వచ్చినవాడే తగ్గించగలడు.

సిరాచుక్క:
బాబాయి గారూ, పోలికను బట్టి బొమ్మకు విలువ కట్టేవాడిది చిన్నపిల్లల తెలివి అని 11వ శతాబ్దంలోనే చైనా కవి, పండితుడు సు షి అన్నాడు. ఆ పండితుల చేతిలో ఉన్నది అక్షరాలు రాసే కుంచె, అదే సిరా. వెదురాకుకి పెన్సిల్ షేడింగ్ ఎందుకు?

రంగులబాబాయి:
నేను పెన్సిల్ అన్నానా?

సిరాచుక్క:
"బొమ్మ నేర్చుకో" అన్నదానికి "అంతే" అన్నారు. అంటే ఏమిటి మరి?

గోదారిగట్టు:
బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్న, 16వ శతాబ్దపు పండిత చిత్రకారుడు షు వెయ్ వేసిన ద్రాక్షల బొమ్మ చూడండి. ఆకులన్నీ తడి మరకలే.

సిరాచుక్క:
అదే నేననేది. ఎనిమిదో తరగతిలో మా డ్రాయింగ్ మాస్టారు నా చెట్టు బొమ్మను క్లాసంతా తిప్పి చూపించి నవ్వించారు. 22 ఏళ్లు కుంచె ముట్టలేదు. ఇప్పుడు ఇక్కడా అదే పాట.

రంగులబాబాయి:
దానికి నేనేం చేయను మేడమ్? పోయినేడు ఒక వర్క్‌షాప్‌కి 2,500 కట్టి వెళ్లాను. సిరా కడ్డీ నూరడం కూడా చూపించలేదు. "మనసు ఖాళీ చేసుకుని విసరండి" అన్నారంతే. విసిరినవన్నీ అద్భుతం అన్నారు. ఇలాగే ఈ విద్య పాడవుతోంది.

సిరాచుక్క:
మీలాంటివాళ్లే దీన్ని కూలిపనిగా మార్చేశారు. ఆ పండితులు డబ్బుకి వేసేవాళ్లను తక్కువగా చూసింది ఇందుకే.

గోదారిగట్టు:
కొంచెం నెమ్మదిగా అండీ.

రంగులబాబాయి:
ఉండండి, అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది. కూలిపని! 19 ఏళ్లు షాపుల బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. ఒక్క "శ్రీ" వంపు తిరగడానికి నాకు ఏడాది పట్టింది. చీ బైషీ మొదట్లో వడ్రంగి. వెదురుకి పేరుపడ్డ జెంగ్ బాన్‌చియావ్ 1759లో తన రేట్లు తానే రాసిపెట్టాడు: పెద్ద బొమ్మకి 6 లియాంగుల (పాత చైనా తూకం) వెండి, మధ్యరకానికి 4, చిన్నదానికి 2. మీ షు వెయ్ ఆ ద్రాక్షల మీద ఏం రాశాడు? కుంచెలోంచి రాలిన ముత్యాలు అమ్ముకునే చోటు లేక అడవి తీగల్లో విసిరేశానని.

సిరాచుక్క:
ఆ ముత్యాలు బొమ్మలు కావు, ఆయన చదువు. ఎనిమిదిసార్లు సర్కారు కొలువు పరీక్ష తప్పినవాడి కడుపుమంట అది. కూలి అన్నది మాత్రం తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆఫీసు నుంచి వచ్చాక నాకు దొరికేది అరగంట. దానికీ అర్హత అడిగితే ఒప్పుకోలేను.

రంగులబాబాయి:
వేసుకోండి, ఆ అరగంట మీదే. నా 19 ఏళ్లు దానికి సమానం అనకండి, చాలు.

సిరాచుక్క:
నేనెక్కడ అన్నాను?

రంగులబాబాయి:
"ఎందుకు" అని అడిగినప్పుడు నాకు అదే వినిపించింది.

వెదురుగణుపు:
ఈ రోజు వేసినది పెడుతున్నాను. గణుపుల దగ్గర సిరా ముద్దకడుతోంది.

రంగులబాబాయి:
కుంచెలో నీళ్లెక్కువ. పాత గుడ్డ మీద ఒకసారి అద్ది వేయి. కింద నుంచి పైకి లాగు, గణుపు దగ్గర ఆగి కొంచెం నొక్కి ఎత్తెయ్. తర్వాతి ముక్క మొదలుపెట్టే ముందు మధ్యలో సన్నటి తెల్ల ఖాళీ వదులు. ఆ ఖాళీని సిరాతో నింపకు.