రైజ్ ఆఫ్ ది గార్డియన్స్ ఆరేళ్ల పాపకు చూపించొచ్చా?

ప్రశ్న:
మా పాపకు 6 ఏళ్లు. పోయిన వారం మొదటి పాలపన్ను ఊడింది. టూత్ ఫెయిరీ (ఊడిన పాలపళ్లు తీసుకెళ్లే దేవకన్య) ఉన్న యానిమేషన్ సినిమా కదా, చూపిద్దాం అనుకుని ముందు నేనొక్కదాన్నే చూడటం మొదలుపెట్టాను. పిల్లలకు మంచి కలలు ఇచ్చే శాండ్‌మ్యాన్‌ను, విలన్ పిచ్ వెనక నుంచి బాణంతో కొట్టే చోట ఆపేశాను. ఈ శాండ్‌మ్యాన్ ఒక్క మాట కూడా మాట్లాడడు, చెప్పాలనుకున్నదంతా తల మీద ఇసుకతో బొమ్మలు గీసి చెప్తాడు. మా పాపకు అందరికంటే ముందు నచ్చేది అతనే, నాకు తెలుసు. అతను నల్ల ఇసుకలో కలిసిపోతుంటే నాకే గొంతు పట్టేసింది. ఇది చూపించొచ్చా అండీ? మీ పిల్లలకు చూపించినవాళ్లు చెప్పండి.

జవాబు:
భయపడకండి, శాండ్‌మ్యాన్ తిరిగొస్తాడు. ఆ మాట పాపకు ముందే చెప్పేయండి, సస్పెన్స్ పోయినా పర్లేదు. అమెరికాలో దీనికి పీజీ రేటింగ్ ఇచ్చారు, అంటే పిల్లలకు చూపించే ముందు పెద్దలు ఆలోచించుకోవాలని. నల్ల ఇసుక గుర్రాలు వచ్చే సీన్లలో పక్కనే కూర్చోండి చాలు.

జవాబు:
బాణం సీన్ మా వాడు తట్టుకున్నాడు. వాణ్ని కుదిపేసింది వేరే సీన్, మంచు కురిపించే హీరో జాక్ ఫ్రాస్ట్ పిల్లల మధ్య నిలబడితే, అతన్ని నమ్మరు కాబట్టి కనపడక, వాళ్లు అతని లోంచి నడిచి వెళ్లిపోయేది. "ఎవరికీ కనపడడా నాన్నా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మీరు ఆపిన చోటు తర్వాతే అసలు సినిమా ఉంది. జేమీ అనే పిల్లాడు వీళ్లంతా నిజంగా ఉన్నారన్న నమ్మకం పోయే దశలో తన కుందేలు బొమ్మతో మాట్లాడుతూ, ఒక్క గుర్తు చూపించమని బతిమాలుకుంటాడు. జాక్ కిటికీ అద్దం మీద మంచుతో కుందేలును గీస్తాడు. అది అద్దం మీంచి లేచి గది అంతా గెంతుతుంది. జేమీ నోట "జాక్ ఫ్రాస్ట్" అన్న మాట రాగానే మొదటిసారి అతను కనపడతాడు. ఆ క్షణంలో జాక్ ముఖం చూడండి. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ కన్నీళ్లొచ్చాయి.

జవాబు:
ఈ సినిమాకు ఆధారం విలియం జాయిస్ పుస్తకాలు. శాంటాక్లాజ్‌కు ఈస్టర్ బన్నీ (ఈస్టర్ పండక్కి గుడ్లు తెచ్చే కుందేలు) తెలుసా అని ఆయన చిన్న కూతురు అడిగిన ప్రశ్నలోంచి ఆ కథ పుట్టింది. సినిమా 2012లో వచ్చింది. అంతకు ముందే ఆ అమ్మాయి చనిపోయింది, సినిమాను ఆమెకే అంకితం ఇచ్చారు. చివర్లో పేర్లు పడేటప్పుడు ఆపేయకండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి ఇద్దరం కలిసి చూశాం. బాణం తగిలినప్పుడు నా ఒళ్లోకి జరిగింది కానీ ఏడవలేదు, "వస్తాడుగా" అని తనే నాకు చెప్పింది. పాలపళ్లలో చిన్నప్పటి జ్ఞాపకాలు దాగి ఉంటాయని టూత్ ఫెయిరీ చెప్పేది మాత్రం బాగా పట్టుకుంది. పడుకునే ముందు తన పన్ను అరచేతిలో పెట్టుకుని, ఇందులో ఏముందో చెప్పమంది. నువ్వు మొదటి అడుగు వేసిన రోజు అన్నాను. కాదట, తమ్ముణ్ని మొదటిసారి ఎత్తుకున్న రోజట.