ఒక్కరే సీపీఆర్ చేయాల్సి వస్తే ఎక్కడ, ఎలా కూర్చోవాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి): నాన్నగారికి గుండె జబ్బు. పగలు ఇంట్లో తోడుగా అమ్మ ఒక్కతే. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చేయడం) నేర్పిద్దామనుకుంటున్నాం. అమ్మ సన్నగా ఉంటుంది, బలం చాలుతుందా? పరుపు మీదే చేయొచ్చా? మంచానికీ బీరువాకీ మధ్య అడుగున్నరే సందు.

జవాబు: బలం కంటే భుజాలు ఎక్కడున్నాయన్నదే ముఖ్యమండీ. ఛాతీ పక్కన, మోకాళ్లు ఆయన ఒంటికి ఆనేంత దగ్గరగా, కాస్త ఎడంగా పెట్టి కూర్చోవాలి. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి గట్టి భాగం, దానిమీద రెండో చెయ్యి. భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చేదాకా ముందుకు వంగాలి. మోచేతులు వంచకూడదు. అప్పుడు ఒంటి బరువే నొక్కుతుంది. దూరంగా కూర్చుంటే తోపు ఏటవాలుగా పోతుంది, లోతు రాదు. మోచేతులు వంగితే భారమంతా కండరాల మీదే పడి చేతులు త్వరగా అలసిపోతాయి.

లోతు 5 సెం.మీ.కి తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100–120. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోయినవాళ్లు తెలియకుండానే చేతుల మీద వాలిపోతారు, దాంతో గుండెలోకి రక్తం సరిగా తిరిగి రాదు.

మరో జవాబు: పరుపు మీద వద్దు. చెయ్యి దిగిందనిపిస్తుంది గానీ దిగేది సగం పరుపే. దుప్పటితో సహా, తల జాగ్రత్తగా పట్టుకుని నేలమీదికి జార్చాలి. అసలు కదల్చలేకపోతే దిండు తీసేసి, అమ్మగారే మంచమెక్కి పక్కన మోకరిల్లాలి. కింద నిలబడి చేస్తే, మంచం ఎత్తుగా ఉన్నప్పుడు మోచేతులు వంగక తప్పదు.

ప్రశ్న: దించాక ఆ సందులోనే ఇరుక్కుంటే?

జవాబు: దుప్పటి పట్టి హాల్లోకి లాగేయడం మేలు. అదీ కుదరకపోతే తల వెనక మోకరిల్లి, ముఖం మీదుగా వంగి నొక్కొచ్చు. ఇరుకు చోట్ల ఒంటరిగా చేసేవారికి ఉన్న పద్ధతే ఇది. మామూలు పద్ధతికి ప్రత్యామ్నాయం మాత్రం కాదు, పైగా ముందే శిక్షణ బొమ్మ మీద సాధన చేసి ఉండాలి.

నోటి శ్వాస నేర్చుకుంటే 30 నొక్కులకు 2. మోకాళ్లు భుజానికి దగ్గరగా పెట్టుకుంటే జరగనక్కర్లేదు, నడుము తిప్పితే చాలు. ఆ విరామం 10 సెకన్లు మించకూడదు. శిక్షణ లేకపోతే నొక్కడమొక్కటే చాలు.

మరో జవాబు: పిలిచినా పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకపోతే (ఆగి ఆగి ఎగశ్వాస తీసినా సరే) ముందు 108కి ఫోన్, స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టాలి. తలుపు గడియ తీయాలి. రెండు నిమిషాలకే లోతు తగ్గుతుంది, చేసేవారికి అది తెలియదు. కేకేస్తే వాచ్‌మన్ వస్తే, ఎదురుగా కూర్చోబెట్టి, ప్రతి రెండు నిమిషాలకూ మారాలి.