1992 నాటి హత్యలకు 2008 చట్టం: మూట్‌లో ముద్దాయి తరఫున ఏం చెప్పాలి?

నల్లకోటు_కడప: చెన్నైలో లా నాలుగో ఏడు చదువుతున్నా. శుక్రవారం మూట్ (ఉత్తుత్తి కోర్టు వాదన), నేను ముద్దాయి తరఫు. కేసు ఒక కల్పిత దేశానిది. 1992లో ఒక ఊరిమీద పడి జనాన్ని చంపారు. జాతిహననం నేరమంటూ ఆ దేశం చట్టం చేసింది 2008లో. ఇప్పుడు దానికిందే ఛార్జ్. మన రాజ్యాంగం ఆర్టికల్ 20(1) లాంటిదే అక్కడా ఉంది, చేసిన రోజున అమల్లో లేని చట్టంతో శిక్షించకూడదని. అదొక్కటి చాలనుకున్నా. నిన్న తంబుచెట్టి వీధిలో నేను ఇంటర్న్‌గా వెళ్లే ఆఫీసులో సీనియర్ గారు నా నోట్సు తిరగేసి, మొదటి పేజీ మీద పెన్సిల్‌తో ‘ఐసీసీపీఆర్ 15(2)?’ అని రాసి టీకి వెళ్లిపోయారు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో 15వ ఆర్టికల్ అది. చదివాక టెన్షన్ మొదలైంది. చేసిన నాటికే దేశాలన్నీ ఒప్పుకున్న సాధారణ న్యాయసూత్రాల ప్రకారం అది నేరమైతే విచారణకు అడ్డు లేదట. ఇక నాకేం మిగిలింది? పైగా మా నాయనమ్మ ఫోన్లో, “చంపినోళ్ల తరఫునా మాట్లాడేది?” అని ఒకటే గోల.

బెంగళూరు_వకీలు: చాలానే మిగిలింది తమ్ముడూ. 15(2) విచారణకు అడ్డు చెప్పదు, అంతే. విచారించి తీరాలని కూడా అనదు. రాజ్యాంగం అంతకంటే గట్టిగా ఉంటే ఆ దేశపు కోర్టు దాన్నే పట్టుకోవచ్చు. నార్వే చూడు. 1992లో బోస్నియా యుద్ధంలో జరిగినవాటికి 2008లో అమల్లోకి వచ్చిన యుద్ధనేరాల సెక్షన్లు పెట్టారు. రాజ్యాంగం 97వ నిబంధన ఒప్పుకోదని 2010 డిసెంబరులో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాగని ముద్దాయి ఇంటికి పోలేదు. మనుషుల్ని అక్రమంగా నిర్బంధించాడని పాత మామూలు సెక్షన్ కింద శిక్ష పడింది. బెంచ్ నిన్ను అడిగేదీ ఇదే, “1992లో హత్య నేరం కాదా?” అని. “హత్య కేసు పెట్టండి, ఎదుర్కొంటాం. 2008 సెక్షన్ మాత్రం తీసేయండి” అను.

పీపీ_గారబ్బాయి: అన్నతో సగమే ఒప్పుకుంటా. ఉత్త హత్య అంటే, ఒక జాతినే తుడిచేయాలన్న ఉద్దేశం ఛార్జిషీటులోంచి మాయమైపోతుంది. 1984 సిక్కుల మీది అల్లర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరు 17న శిక్ష వేసింది ఐపీసీ కిందే. మానవాళిపై నేరాలు, జాతిహననం మన నేరచట్టంలో లేవు, ఈ లోటు వెంటనే పూడ్చాలని కూడా రాసింది. జాతిహననాన్ని నేరమన్న అంతర్జాతీయ జెనోసైడ్ ఒప్పందాన్ని మనం 1959లోనే ఆమోదించాం, ఐపీసీ స్థానంలో 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ సెక్షన్ లేదు! సరే, నీ కల్పిత దేశం 1992కి ముందే ఆ ఒప్పందంలో చేరిందా? చేరితే అది నేరమని అప్పటికే ఒప్పుకున్నట్టే. మూట్‌కి ఇచ్చిన కేసు వివరాలు మళ్లీ చదువు.

నల్లకోటు_కడప: ఏడో పేరాలో ఉంది. 1987లోనే చేరిందట. చచ్చాం.

బెంగళూరు_వకీలు: అప్పుడే చావకు. ఒప్పందం మొత్తం వెతుకు, శిక్ష ఎన్నేళ్లో ఎక్కడా ఉండదు. చట్టం చేసి శిక్షలు పెట్టుకోమని ఐదో ఆర్టికల్ దేశాలకే వదిలేసింది. వాళ్లు ఆ పని 2008 దాకా చేయలేదు. అక్కడ పట్టుకో. నాయనమ్మకు కూడా హత్య కేసు సంగతి చెప్పు, కాస్త శాంతిస్తుంది.