కోదాడ టు పాలమూరు సోలార్ కారు: స్పీడ్ తగ్గించాల్నా, ప్యానెల్ పెంచాల్నా?

సూర్యరథం_టీమ్

అన్నలకు అక్కలకు నమస్తే. మాది నల్గొండ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ, థర్డ్ ఇయర్. మెకానికల్ వాళ్లం ఈఈఈ వాళ్లం కలిసి ఒంటి సీటు సోలార్ కారు చేసినం, ముందు రెండు చక్రాలు, ఎనక ఒకటి. ఆస్ట్రేలియాల డార్విన్ నుంచి అడిలైడ్ దాకా 3,000 కిలోమీటర్లు స్టూడెంట్ టీములు ఎండ మీదనే పోతరు కదా, ఆ వీడియోలు చూసుడుతోటి మొదలైంది ఈ పిచ్చి. అంత దూరం ఇప్పుడు మాతోని కాదు గానీ 167 హైవే మీద కోదాడల పొద్దున 8కి బయల్దేరి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదికెళ్లి సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరాలె, దగ్గరదగ్గర 240 కిలోమీటర్లు, నడిమిట్ల కరెంటు ఛార్జింగ్ పెట్టకుండ. ఏప్రిల్ల చేద్దామని ప్లాన్, ఎండ దంచికొడతది కదా అని.

కారు డ్రైవర్‌తోని కలిపి 340 కిలోలు. ప్యానెళ్లు వంగేటివి, 100 వాట్లవి ఎనిమిది, నాలుగేసి సిరీస్‌ల రెండు లైన్లు, ఒకటే ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి వచ్చినంత పవర్ గుంజే డబ్బా). బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), 48 వోల్టులు 60 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). ఎనక చక్రంలనే హబ్ మోటర్, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటర్). కష్టం ఏందంటే టెస్టింగ్‌ల 45 స్పీడ్ మీద నడిపితే 80 కిలోమీటర్లకే బ్యాటరీ ఖతం అయితుంది, మిట్ట మధ్యాహ్నం కూడ ప్యానెళ్ల నుంచి 350 వాట్లు దాటుతలేదు, కాగితం మీద మాత్రం 800. టీమ్‌ల రెండు పార్టీలు అయినయ్. ఒకళ్లు ఇంకో రెండు ప్యానెళ్లు పెడదామంటరు, ఇంకొకళ్లు స్పీడ్ తగ్గిద్దామంటరు, సారేమో ఇంకో బ్యాటరీ పెట్టుండ్రి అంటడు. చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి ప్లీజ్.

వాట్_అవర్_వెంకి

తమ్మీ, మాది నకిరేకల్, ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక ఈవీ కంపెనీల టెస్టింగ్ చేస్త. ముగ్గురు చెప్పిందాంట్ల స్పీడ్ పార్టీ కొంచెం కరెక్ట్, కానీ అసలు రోగం వేరే ఉన్నది.

లెక్క యూనిట్లల్ల చూద్దాం, ఇంట్ల కరెంటు బిల్లు యూనిట్లే, వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. మీ బ్యాటరీ దాదాపు 3 యూనిట్లు, మొత్తం పిండొద్దు కాబట్టి రెండున్నర అనుకో. అది 80కే అయిపోతుందంటే ప్యానెల్ ఇచ్చింది కూడ కలుపుకుంటే కిలోమీటరుకు 35 నుంచి 40 వాట్ అవర్లు తాగుతుంది నీ బండి. 340 కిలోల బండి, బాడీ అంత నున్నగ లేదనుకున్నా సరే, 45 స్పీడ్‌ల 23, 24 కంటె ఎక్కువ తాగొద్దు. మిగిలింది ఏడ పోతుందో పట్టుకో ముందు. జాకీ పెట్టి ఒక్కొక్క చక్రం లేపి చేత్తోని తిప్పి ఇడిసిపెట్టు, ముందు చక్రాలు చానాసేపు తిరగాలె. రెండు చుట్లకే ఆగిందంటే బ్రేక్ ప్యాడ్ డిస్కుకు రుద్దుతున్నట్టే. ఎనక చక్రం హబ్ మోటర్ మాగ్నెట్లతోని కొంచెం పట్టినట్టు ఉంటది, అది మామూలే. టైర్లల్ల గాలి టైర్ మీద రాసిన మ్యాక్సిమమ్ కాడికి కొట్టించు. ముందు రెండు చక్రాల నడుమ దూరం టేప్‌తోని ముందు వైపు ఒకసారి, ఎనక వైపు ఒకసారి కొలువు, రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే చక్రాలు రోడ్డును గీక్కుంట పోతున్నయన్నట్టు, టైర్ కూడ తొందరగ అరుగుతది.

ఇప్పుడు స్పీడ్. గాలిని చీల్చుకపోవడానికి పెట్టే పవర్ స్పీడ్‌కు ఘనం లెక్కన పెరుగుతది, అంటే స్పీడ్ డబల్ చేస్తే ఎనిమిది రెట్లు. మీ బండిని సరి చేసుకున్నంక నేను వేసిన లెక్క ఇట్ల ఉంది: 60ల పోతే దారి మొత్తానికి ఏడున్నర యూనిట్లు కావాలె, రోడ్డు మీద ఉండేది నాలుగు గంటలే కాబట్టి ఎండ కూడ తక్కువ తాగుతరు, నడిమిట్లనే కూలబడతరు. 45ల ఐదున్నర పైన కావాలె, మీకు దొరికేది ఐదు లోపు. 35ల పోతే నాలుగున్నర చిల్లర చాలు, ఏడు గంటలు ఎండల ఉంటరు, సగటున 450 వాట్లు వచ్చినా బ్యాటరీతోని కలిపి ఐదున్నర దొరుకుతది. ప్యానెల్ పార్టీకి చెప్పు, ఇంకో రెండు ప్యానెళ్లు పెడితే రోజు మొత్తంల ముప్పావు యూనిట్ వస్తదేమో, అదే ఆ రాపిడి తీసేస్తే మూడు నాలుగు యూనిట్లు మిగులుతయ్. సార్‌కు నువ్వే చెప్పుకో, బ్యాటరీ అంటే బరువు, నేను చెప్తే బాగుండదు.

మీరు చూసిన ఆస్ట్రేలియా రేసుల కూడ కథ ఇదే. 1987ల మొదటిసారి జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ గెలిస్తే సగటు స్పీడ్ 67 కిలోమీటర్లు. 2023ల బెల్జియం కేయూ ల్యూవెన్ యూనివర్సిటీ పిల్లలు గెలిచిన్రు, వాళ్లకు రూల్ ప్రకారం 4 చదరపు మీటర్ల ప్యానెలే, సన్‌రేసర్‌కు దానికి దాదాపు డబల్ ఉండె, అయినా వీళ్ల సగటు 88. సెల్స్ మెరుగైనయ్ నిజమే గానీ బాడీ షేపు, టైర్లు, బరువు, వీటి మీదనే ఎక్కువ గెలిచిన్రు వాళ్లు.

పంపుసెట్_పాలమూరు

నేను నాగర్‌కర్నూల్ సైడ్ సోలార్ పంపుసెట్లు బిగిస్త. పెద్ద లెక్కలు నాకు రావు గానీ ప్యానెల్ సంగతి చెప్త. 800కు 350 వస్తుందంటే నీడ అన్న పడుతుంది, లేకుంటే వంపు అన్న కారణం. బండి పైన డ్రైవర్ తలకాడ ఇనుప పైపు గానీ అద్దం బుగ్గ గానీ ఉంటది కదా, దాని నీడ వేలంత పడినా ఆ ప్యానెల్ల సగం సెల్స్ పడుకుంటయ్. సిరీస్‌ల కరెంట్ అన్నిట్లకెల్లి ఒకటే పోవాలె, ఒకటి గుంజకపోతే లైన్ మొత్తం దాని కాడికి దిగుతది. ఇంకోటి, మీరు వంపు బాడీ మీద అతికిచ్చిన్రు కాబట్టి ముందు ప్యానెల్ ఒక మొఖాన, ఎనకది ఒక మొఖాన ఉంటది, రెండిట్ల మీద ఎండ ఒకలెక్క పడదు, వాటిని ఒక్క లైన్ల కట్టొద్దు. ఒకే వాలుల ఉన్నయి ఒక లైన్, ఇంకో వాలువి ఇంకో లైన్, లైన్‌కు ఒక ఎంపీపీటీ పెట్టుండ్రి, చిన్నవి చవకనే దొరుకుతయ్. క్లాంప్ మీటర్ (వైరు చుట్టు పట్టిస్తే కరెంట్ చూపేది) పట్టుకోని ఒక అట్టముక్కతోని ఒక్కొక్క ప్యానెల్ మూసుకుంట పో, ఏది మూస్తే కరెంట్ తగ్గుతలేదో అది ముందు నుంచే పడుకొని ఉన్నట్టు.

ఏప్రిల్ ఎండ అని మురుస్తున్నరు గానీ, ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీల మీద ఎక్కే ఒక్కో డిగ్రీకి మూడున్నర నాలుగు పైసల్ పోతయ్ రూపాయికి కాదు, పది రూపాయలకు అనుకో. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం ప్యానెల్ 65 దాటుతది, అంటే వందల పదిహేను వంతులు ఉత్తగనే పాయె. కింద ఫైబర్ బాడీకి అతికిస్తే గాలి ఆడదు, ఇంకా ఉడుకుతది. ఫిబ్రవరిల పెట్టుకోండ్రి, ఆకాశం తేటగ ఉంటది, చల్లగ ఉంటది. పొద్దుగాల బయల్దేరే ముందు తడిబట్టతోని తుడుసుడు మర్చిపోవద్దు.

రైస్‌మిల్_రోడ్

మాది మిర్యాలగూడ. ఫిబ్రవరి మాటకు నేను కూడ ఓటేస్త, కానీ నా కారణం వేరే. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మార్చి ఆఖరు నుంచి మొదలైతయ్, అప్పటి నుంచి రోడ్డు మీద సగం దాకా ఒడ్లు ఆరబోస్తరు, చుట్టూత రాళ్లు పెడతరు, కార్లకే దిక్కు లేదు ఇగ మీ బండి జానెడు ఎత్తుల ఉంటది, రాయి కనపడే లోపు కిందికెల్లి బ్యాటరీ డబ్బాకు తాకుతది. ట్రాక్టర్లు రాంగ్ రూట్‌ల వస్తయ్, ఊరూరికి స్పీడ్ బ్రేకర్లు, కొన్నిటికి తెల్ల గీతలు కూడ ఉండయ్. ముందుగాల ఒకసారి బైక్ మీద పోయి ప్రతి బ్రేకర్, ప్రతి గుంత ఫోన్‌ల లొకేషన్ పెట్టుకోండ్రి.

ఇంకోటి, మీరు ఉల్టా పోతున్నరు అనిపిస్తుంది. మా లారీలు మిర్యాలగూడ నుంచి పాలమూరు పోయేటప్పుడు డీజిల్ ఎక్కువ తాగుతయ్, వచ్చేటప్పుడు తక్కువ. మల్లేపల్లి దాటినంక దారి ఎక్కుడే ఎక్కుడు.

వాట్_అవర్_వెంకి

మిల్లు అన్న చెప్పింది బంగారం, నాకు తట్టనే లేదు. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తు, మిర్యాలగూడ సైడ్ వంద చిల్లర. 340 కిలోలను 400 మీటర్లు ఎక్కియ్యాలంటే 370 వాట్ అవర్లు ఉత్త ఎక్కుడుకే, మోటర్ల పోయేది వేరే. అటు నుంచి ఇటు వస్తే అంతే మనకు ఫ్రీ. రెండు దిక్కులకు తేడా ముక్కాలు యూనిట్, అంటే ప్యానెల్ పార్టీ అడిగే రెండు ప్యానెళ్ల అంత! పాలమూరులనే మొదలుపెట్టి కోదాడల ఖతం చేయండి. దిగుడుల మాత్రం బ్రేక్ తొక్కి పోగొట్టుకోవద్దు, 45 దాక ఉరకనియ్యి, అంతకు మించితే రీజెన్ (మోటర్‌తోనే బ్రేక్ వేసి ఆ కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుడు).

ఉద్యోగం_ముఖ్యం

ఇదంతా చేసి ఏం లాభం బ్రదర్, ఆ పైసలు పెట్టి కోర్సు చేస్తే క్యాంపస్‌ల జాబ్ వస్తది. నాలుగు ఫొటోలు, ఒక పేపర్ కటింగ్, అంతే కదా మిగిలేది.

హెల్మెట్_అక్క

పైన బ్రదర్‌కు: నాకు జాబ్ ఇచ్చిందే మా కాలేజీ సోలార్ కారు, ఇంటర్వ్యూల సగంసేపు బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) గురించే అడిగిన్రు. సరే పక్కన పెడదాం.

తమ్ముడూ, నేను మా కాలేజీ టీమ్‌ల డ్రైవర్‌ని. మీరు లెక్కలన్నీ వేసిన్రు గానీ లోపల కూసునే మనిషి గురించి ఒక్కళ్లు కూడ మాట్లాడలే. అద్దం బుగ్గ కింద ఏసీ ఉండదు, గాలి రంధ్రం పెద్దగ పెడితే డ్రాగ్ (గాలి అడ్డుపడుడు) పెరుగుతదని మావోళ్లు చిన్నగ పెట్టిన్రు, ఒక గంటకు చెమట కళ్లల్లకు దిగి రోడ్డు మసకమసకగ కనపడ్డది, హెల్మెట్ కింద తుడుచుకోనీకి చేయి పోదు. నుదుటికి గుడ్డ కట్టుకోవాలె, నీళ్ల పైపు నోటికాడికి రావాలె, రెండు గంటలకు ఒకసారి డ్రైవర్ మారాలె. ఆస్ట్రేలియా రేసుల సన్నటి డ్రైవర్ అయితే బరువు సంచులు పెట్టి 80 కిలోలకు సమానం చేస్తరు, మీకు ఆ రూల్ లేదు కాబట్టి సన్నగున్నోళ్లనే కూసోబెట్టండి.

స్పీడ్ కూడ 35 అంటే 35. కొంచెంసేపు 25, కొంచెంసేపు 45 పోతే సగటు 35 వస్తది గానీ కరెంటు ఎక్కువ పోతది, గాలి లెక్క అట్లాంటిది. థొరెటల్ చేత్తోని పట్టుకుంటే నిలకడ ఉండదు, కంట్రోలర్‌ల క్రూజ్ (స్పీడ్‌ను ఒకే తీరుగ పట్టి ఉంచేది) ఉంటే వాడండి. ఎనకొచ్చే బండిల ఒకళ్లు ల్యాప్‌టాప్ పెట్టుకోని పది నిమిషాలకొకసారి వోల్టేజ్, ఆంపియర్లు, తిరిగిన దూరం రాయాలె, మబ్బు వస్తే స్పీడ్ ఎంత పెట్టాల్నో వాళ్లే చెప్పాలె, డ్రైవర్ ఆలోచించొద్దు. ఆగినప్పుడు ప్యానెల్ బాడీ లేపి సూర్యుడి దిక్కు తిప్పి పెట్టండి, అక్కడ టీములు పొద్దున 8 లోపు, సాయంత్రం 5 తర్వాత చేసేది ఇదే.

భయపెట్టుడు కాదు గానీ 2019 ఆస్ట్రేలియా రేసుల ముందు పోతున్న నెదర్లాండ్స్ ట్వెంటె టీమ్ కారు పక్క గాలికి రోడ్డు కిందికి పోయింది, తర్వాత లీడ్‌ల ఉన్న అదే దేశం డెల్ఫ్ట్ వాళ్ల కారు గమ్యం దగ్గరపడ్డంక అంటుకొని కాలిపోయింది. డ్రైవర్లు బయటపడ్డరు. మీది ఎల్ఎఫ్‌పీ కాబట్టి కొంత నయం, అయినా కిల్ స్విచ్ (కరెంటు మొత్తం ఒక్కసారే బంద్ చేసేది) లోపల ఒకటి బయట ఒకటి, ఫైర్ సిలిండర్ ఎనక బండిల, డ్రైవర్ తనంత తాను బెల్టు విప్పుకోని ఉరికి రావడం ప్రాక్టీస్. ఐఐటీ మద్రాస్ అగ్నిరథ్ టీమ్ వాళ్లకు ఒక మెయిల్ పెట్టి చూడండి, ఆస్ట్రేలియా రేస్ కోసమే కార్లు చేస్తరు వాళ్లు.

రైస్‌మిల్_రోడ్

అన్నీ చెప్పిన్రు, పర్మిషన్ మాట ఎవరు చెప్పలే. నంబర్ ప్లేట్ లేని బండి పబ్లిక్ రోడ్డు మీద ఎక్కనియ్యరు. 250 వాట్ల లోపు, 25 స్పీడ్ లోపు ఉండే చిన్న బ్యాటరీ బండ్లకే రిజిస్ట్రేషన్ మాఫీ, మీది అందుల రాదు. కాలేజీ లెటర్ హెడ్ మీద ఆర్టీఓ ఆఫీసుల, ఎస్పీ ఆఫీసుల రాసియ్యండి, నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నాలుగు జిల్లాలు తగుల్తయ్ మీ రూట్‌ల. అది వచ్చే దాక టెస్టింగ్ రోడ్డు మీద చేయకుండ్రి. జడ్చర్ల, షాద్‌నగర్ చుట్టు ప్లాట్ల వెంచర్లు మస్తు ఉన్నయ్, తారు రోడ్లేసి ఒక్క ఇల్లు లేనియ్, ఓనర్‌ను అడిగితే ఆదివారం తిప్పుకోనిస్తడు. ఆ ప్లాట్లు అమ్ముడుపోయే దాకనన్న ఎవరికో ఒకరికి పనికొస్తయ్.

సూర్యరథం_టీమ్

అందరికి మస్తు థాంక్స్. ముందు ఎడమ చక్రం ఒకటిన్నర చుట్టుకే ఆగింది వెంకి అన్నా, కాలిపర్ (బ్రేక్ ప్యాడ్‌ను పట్టుకునేది) బోల్ట్ వంకరగ ఉన్నది, ప్యాడ్ ఒక పక్కనే అరిగింది. అట్టముక్క టెస్ట్‌ల రోల్ బార్ (డ్రైవర్ తలకాడ ఇనుప పైపు) ఎనక ప్యానెల్ మూసినా మూయకున్నా కరెంట్ ఒకటే చూపిస్తుంది, రేపు దాన్ని లైన్ నుంచి తీసేస్తం. రూట్ పాలమూరు నుంచి కోదాడకు మార్చినం, డేట్ ఫిబ్రవరి, సార్ ఒప్పుకున్నడు కానీ బ్యాటరీ మాట మాత్రం ఇంకా వదుల్తలేడు. ఒక్క డౌట్, ఎదురుగాలి ఉంటే ఎంత తగ్గించాలె?

వాట్_అవర్_వెంకి

బండికి తగిలే గాలే లెక్క, స్పీడోమీటర్ కాదు. 35ల పోతుంటే ఎదురుగ 10 వీస్తే బండికి 45 తగిలినట్టే, గాలికి పెట్టే పవర్ ఒకటిన్నర రెట్లు దాటుతది. అప్పుడు 30కి దించు. వెనక గాలి ఉంటే మాత్రం పెంచొద్దు, ఆ మిగిలింది బ్యాటరీల దాచిపెట్టు, హుజూర్‌నగర్ దాటినంక పొద్దు వాలుతది, అప్పుడు కావాలె అది. కాలిపర్ బోల్ట్ కొత్తది కొను, వంకరది సుత్తెతోని సాపు చేయకు.