ఎబొనైట్ పెన్ను సగానికి వచ్చాక ఇంకు కక్కుతోంది. రిజిస్టరు రాతకు ఏ ఇంకు మంచిది?

కృష్ణలంక_కలం (విజయవాడ):
రాజమండ్రిలో చేసిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను. కన్వర్టర్ (లోపల ఇంకు పీల్చుకునే గొట్టం) లేదు, బారెల్‌లోకే ఫిల్లర్‌తో ఇంకు పోసుకునే రకం, సుమారు 3 మిల్లీలీటర్లు పడుతుంది. స్టీలు పాళీ, మీడియం. నిండుగా ఉన్నంతసేపూ చక్కగా రాస్తుంది. సగానికి దిగాక రాస్తుండగానే బొట్టు పడుతోంది. ఏసీ గదిలోంచి ఎండలోకి వెళ్లొచ్చాక క్యాప్ తీస్తే లోపలంతా ఇంకే. మర దగ్గర కారడం లేదు. ఇప్పుడు పోస్తున్నది కేమెల్ రాయల్ బ్లూ. రాసేది ఆఫీసు రిజిస్టరులో. కాగితం పల్చన కాబట్టి అక్షరం అంచులు పాకుతున్నాయి, వెనక పేజీకి దిగుతోంది, తడి చెయ్యి తగిలితే చెరుగుతోంది. ఇంకు మార్చాలా, పెన్నే మార్చాలా?

బ్రాడీపేట_పాళీ (గుంటూరు):
పెన్ను మార్చాల్సిన పనేం లేదండీ. బొట్టు పడటానికి కారణం లోపలున్న గాలి. 3 మిల్లీలీటర్ల బారెల్ సగానికి వచ్చిందంటే లోపల మిల్లీలీటరున్నర గాలి ఉన్నట్టే. 24 డిగ్రీల ఏసీలో ఉన్న పెన్ను చేతి వేడికి 33కు చేరితే ఆ గాలి మూడు శాతం పెరుగుతుంది, అంటే 0.045 మిల్లీలీటరు. ఫిల్లర్ నుంచి జారే ఒక బొట్టు 0.05. సరిగ్గా ఆ బొట్టే మీ రిజిస్టరు మీద పడుతోంది. మే నెలలో బందరు రోడ్డు మీద 42 డిగ్రీల్లో నడిస్తే దాదాపు రెండు బొట్లు, అవే క్యాప్‌లోకి పోతున్నాయి. పెన్ను నిండుగా ఉంటే లోపల గాలి 0.3 కూడా ఉండదు, పెరిగిన ఆ కాస్తా ఫీడ్ (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క) గాళ్లలో ఇమిడిపోతుంది.

కాబట్టి సగానికి దిగకముందే నింపేయండి. ఫ్రంట్ (పాళీ ఉండే ముందు భాగం) విప్పి, బారెల్ మరకు అర సెంటీమీటరు కింది దాకా పోయండి. మర చుట్టూ సిలికాన్ గ్రీజు ఆవగింజంత రాసి బిగించండి (వాజెలీన్ వద్దు, అది పెట్రోలియం సరుకు, ఎబొనైట్ రబ్బరు జాతిది). బయటికి వెళ్లేటప్పుడు పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టండి. వచ్చాక పాళీ పైకే ఉంచి క్యాప్ తీసి, అర నిమిషం ఆగి రాయండి. పాళీ పైకి ఉన్నప్పుడు ఫీడ్ దగ్గర ఉండేది గాలే, పెరిగినా గాలే బయటికి పోతుంది, ఇంకు కదలదు.

తెనాలి_సిరా:
పై మాటలన్నీ నిజమే. ఒక్కటి కలుపుతాను. ఫీడ్ పాళీకి అంటుకుని ఉందో లేదో చూడండి. పక్కనుంచి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పాళీకీ ఫీడ్‌కూ మధ్య సందు కనబడకూడదు. సందుంటే ఇంకు అక్కడ పోగుపడి, నిండు పెన్ను కూడా కక్కుతుంది. ఫీడ్ ఎబొనైట్‌దైతే సర్దడం తేలికే: పాళీ, ఫీడ్ కలిపి బయటికి లాగి, మరిగి దించిన నీళ్లలో అర నిమిషం ముంచి, గుడ్డతో పట్టుకుని ఫీడ్ కొనను పాళీ వైపు బొటనవేలితో నొక్కి, చల్లారే దాకా అలాగే ఉంచండి. ప్లాస్టిక్ ఫీడ్ అయితే ఈ పని వద్దు, వంకర పోతుంది. బారెల్, క్యాప్ మాత్రం వేడినీళ్ల జోలికి పోకూడదు. ఎబొనైట్‌లో గంధకం ఉంటుంది, వేడినీళ్లకూ ఎండకూ నల్లటి మెరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇక ఇంకు. ఈ పెన్నులు ధారాళంగా దించుతాయి. అందులో వాటర్‌మన్, పైలట్ ఇరోషిజుకు లాంటి పల్చగా జారే ఇంకులు పోస్తే పల్చటి కాగితం మీద వరదే. మీకు పొడిగా నడిచే ఇంకు కావాలి. పెలికాన్ 4001 బ్లూ బ్లాక్ పోసి చూడండి. అది ఐరన్ గాల్ ఇంకు, అంటే ఇనుము లవణం కలిపి చేసేది. రాసినప్పుడు నీలం, గాలి తగిలే కొద్దీ ఇనుము ముదిరి నలుపు తిరుగుతుంది. చవక కాగితం మీద అంచులు పాకడం బాగా తగ్గుతుంది. తడి తగిలితే నీలం కొంత పోయినా నల్లటి గీత మిగులుతుంది, చదువుకోవచ్చు. ఇంకా గట్టిది కావాలంటే డయమైన్ రిజిస్ట్రార్స్, ఇంగ్లండులో జనన మరణ రిజిస్టర్ల కోసమని తయారైన ఇంకు.

బ్రాడీపేట_పాళీ:
ఐరన్ గాల్ విషయంలో నాకు ఒక జంకు. అది ఆమ్లం. పెన్నులో ఎండిపోనిస్తే స్టీలు పాళీని తినేస్తుంది, ఫీడ్ గాళ్లలో గసి పేరుతుంది. పెన్ను రోజూ నడిచేదైతే ఫరవాలేదు, నెలకోసారి కడగాల్సిందే. పది రోజులు మూలన పడేసే అలవాటుంటే రాయల్ బ్లూతోనే ఉండి, పాళీని ఫైన్‌కు మార్చుకోండి. కాగితం మీద పడే ఇంకే తగ్గిపోతుంది. చెరిగే బాధ మాత్రం పోదు.

కృష్ణలంక_కలం:
పెన్ను రోజూ నడుస్తుంది. కడగడం ఎలాగండీ? మా ఇంట్లో బోరు నీళ్లే. చెరగకుండా ఉండాలని డ్రాయింగ్ ఇంకు పోయమన్నారు ఒకరు, పోయొచ్చా?

తెనాలి_సిరా:
డ్రాయింగ్ ఇంకు అస్సలు వద్దు, బాబూ. వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుల్లో లక్క లాంటి బంక ఉంటుంది. ఒక్కసారి ఎండితే ఫీడ్ పనైపోయినట్టే.

బోరు నీళ్లతో కడిగితే సున్నం పేరుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకోండి, ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి కొని సూది తీసేయండి. ఫ్రంట్ వెనక రంధ్రానికి సిరంజి ఆనించి, పాళీ లోంచి రంగు లేని తేట నీళ్లు వచ్చే దాకా నెమ్మదిగా తోయండి. రాయల్ బ్లూ నుంచి ఐరన్ గాల్‌కు మారేటప్పుడు ఇది తప్పనిసరి, రెండూ కలిస్తే మడ్డి కట్టొచ్చు. కడిగాక పాళీ కిందికి ఉండేలా పాత గుడ్డ మీద రాత్రంతా నిలబెట్టండి.

అదే సిరంజి కడిగి ఆరబెట్టి ఇంకు పోయడానికీ వాడండి. వాడిన పెన్నును, తడి ఫిల్లర్‌ను సీసాలో ముంచకండి, బూజు పడుతుంది. ఎండాకాలం పెన్నులో నీరు ఇగిరి ఇంకు చిక్కబడితే, ముదురు రంగులో ఆగి ఆగి రాస్తుంది. అప్పుడు రెండు చుక్కలు డిస్టిల్డ్ వాటర్ వేస్తే చాలు.