ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఉన్నోళ్ళు చెప్పండి: నిజంగా కొంప ముంచే రూల్స్ ఏవి?

నల్లమల_నీడ:
ఈ ఫాల్‌కి టెక్సస్ వస్తున్నా, ఎంఎస్. వీసా వచ్చేదాకా రోజూ ఫోన్ చేసిన కన్సల్టెన్సీ వాళ్ళు ఇప్పుడు ఎత్తట్లేదు. తెలిసిన అన్న ఒకాయన ఏమో "రూల్స్ ఎవడు చూస్తాడు రా, గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ ఇస్తారు, ఖర్చులు వెళ్ళిపోతాయి" అంటున్నాడు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నాం, అందుకే అడుగుతున్నా. యూనివర్సిటీ పంపిన హ్యాండ్‌బుక్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీట్లేదు.

ఓరుగల్లు_అక్క:
తమ్మీ, ఆ అన్న మాట ఇనకు. క్లాసులు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌ల వారానికి 20 గంటలు, గంతే. లైబ్రరీల ఒకటి, డైనింగ్‌ల ఒకటి రెండు జాబులున్నా రెండూ కలిపే 20, చానా మందికి ఈడనే తికమక. సెలవులల్ల ఫుల్ టైం చేస్కోవచ్చు. బయట పర్మిషన్ లేకుండ జేస్తే క్యాష్ అయినా చెక్ అయినా ఒకటే. వేరే కారణంతోని స్టేటస్ (ఈడ లీగల్‌గ ఉండే హోదా) పోతే, మళ్ళ తెచ్చుకునేటందుకు రీఇన్‌స్టేట్‌మెంట్ అని అప్లై చేస్కునే దారన్న ఉంటది, పర్మిషన్ లేని పని చేసినోళ్ళకు ఆ దారి గూడ లేదు.

కాకినాడ_కాజా:
పని సంగతి అందరూ చెప్తారు గానీ కోర్స్ డ్రాప్ గురించి ఎవరూ చెప్పరండి. మా రూమ్మేట్‌కి ఆల్గారిథమ్స్ ఎక్కట్లేదని ప్రొఫెసర్‌ని అడిగితే ఆయన డ్రాప్ అయిపో పర్లేదు అన్నారు, వీడు పోర్టల్లో బటన్ నొక్కేశాడు, పోర్టల్ కూడా ఏం అడగలేదు, ఎందుకంటే దానికి వీడి వీసా ఏంటో తెలీదు కదా. మా దగ్గర గ్రాడ్ వాళ్ళకి 9 క్రెడిట్లు ఫుల్ లోడ్, వీడివి 6 అయ్యాయి. ప్రొఫెసర్ ఒప్పుకుంటే చాలదు, డ్రాప్ చేసే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ స్టూడెంట్ల స్టేటస్ చూసే యూనివర్సిటీ ఆఫీసర్) ఒప్పుకోవాలి. యాడ్-డ్రాప్ గడువు ఇంకా ఉండబట్టి వేరే క్లాసులో దూరాడు, లేకపోతే సెవిస్‌లో (విదేశీ స్టూడెంట్ల రికార్డులుండే గవర్నమెంట్ సిస్టమ్) వీడి రికార్డు టెర్మినేట్ అయ్యేదే. పూర్తి ఆన్‌లైన్ క్లాస్ అయితే సెమిస్టర్‌కి ఒక్కటే లెక్కలోకి వస్తుంది, అది కూడా చూసుకోండి.

టీఏ_కష్టాలు:
నేను గ్రేడింగ్ చేస్తా కాబట్టి ఇది నా ఏరియా. మన బీటెక్‌లో పక్కోడి రికార్డు ముందు పెట్టుకుని రాస్తే అది ఫ్రెండ్‌షిప్. ఇక్కడ కోడ్ తీసుకున్నోడికీ ఇచ్చినోడికీ ఇద్దరికీ లెటర్ వస్తుంది. వేరియబుల్ పేర్లు మార్చి, లూప్ అటు ఇటు తిప్పి పంపుతారు, మాస్ అనే సాఫ్ట్‌వేర్ అదే పట్టుకోవడానికి ఉంది బాబూ. మొదటిసారి అయితే సున్నాతోనో ఎఫ్ గ్రేడ్‌తోనో పోవచ్చు, సస్పెన్షన్ దాకా వెళ్తే మాత్రం ఆ సెమిస్టర్ చదవడానికి లేదు, చదవకపోతే స్టేటస్ లేదు. చదువులో తప్పు ఇమ్మిగ్రేషన్ తప్పుగా ఎలా మారుతుందో ఎవరూ ముందు ఊహించరు.

బావగారు_బఫెలో:
ఎందుకయ్యా పిల్లోణ్ణి ఇంత భయపెడతారు. మా టైంలో అందరం చేశాం, అందరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి.

ఓరుగల్లు_అక్క:
బావగారూ మీ టైం వేరు. 2019 జనవరిల ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ యాదికున్నదా? మిషిగన్‌ల గవర్నమెంటే పెట్టిన ఫేక్ కాలేజీ, క్లాసులు లేవు, సీపీటీ (చదువుకుంట బయట పని జేస్కునే పర్మిషన్) కోసమే పైసలు కట్టి చేరిన్రు. మొదట పట్టుకున్న 130 మందిల 129 మంది ఇండియన్సే, మనోళ్ళే చానా మంది. మొన్న 2025ల అయితే కొట్టేసిన పాత కేసులున్నోళ్ళకు గూడ సెవిస్ రికార్డు తీసేసిన్రు, కోర్టులకు పోయినంక ఏప్రిల్ ఆఖరుకు మళ్ళ పెట్టిన్రు.

కాకినాడ_కాజా:
సెల్ఫ్ చెకౌట్‌లో స్కాన్ చేయకుండా బ్యాగ్‌లో వేసుకునే బ్యాచ్‌కి కూడా ఒక దండం. కేసు డిస్మిస్ అయినా సరే, వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతాడు, అవును అనే రాయాలి. తాగి బండి నడిపితే వీసా రివోక్ చేస్తున్నారు. ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రస్ అప్‌డేట్ చేయాలి, మనవాళ్ళు లీజులు మార్చే స్పీడుకి ఇది మర్చిపోవడం చాలా ఈజీ. ఇన్‌కం లేకపోయినా ట్యాక్స్ వాళ్ళకి (ఐఆర్ఎస్) ఫారం 8843 పంపాలి.

నల్లమల_నీడ:
అందరికీ థాంక్స్ అండి. పని లెక్క అర్థమైంది. జీతం లేకుండా ఎవరి షాపులోనైనా "వాలంటీర్"గా నిలబడితే?

టీఏ_కష్టాలు:
గుడిలో వడ్డన, ఫుడ్ బ్యాంక్‌లో మూటలు కట్టడం, అది వాలంటీర్. జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాల్సిన కౌంటర్లో నువ్వు ఊరికే నిలబడితే అది వాలంటీర్ కాదు. ఎవరైనా "పర్లేదు" అంటే డీఎస్ఓకి మెయిల్ పెట్టు, జవాబు మెయిల్లోనే తీసుకో, ఫోన్లో వద్దు.

నల్లమల_నీడ:
ఆఖరి డౌట్. ఐ-20లో (యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చిన కాగితం) కోర్సు మొదలయ్యే డేట్ ఆగస్ట్ 18 ఉంది, జులై 12కి టికెట్ చీప్‌గా ఉంది, బుక్ చేయనా?

కాకినాడ_కాజా:
వద్దు! ఆ డేట్‌కి 30 రోజుల ముందు నుంచే రానిస్తారు, అంటే జులై 19. ఐ-20 చేతి బ్యాగులో పెట్టుకో, చెకిన్‌లో వేశావంటే ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.