ఉదయం చలికి స్లోలో ఇంజన్ మిస్ అవుతోంది, వేడెక్కాక బాగానే ఉంటోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్. నా దగ్గర 2013 మోడల్ పెట్రోలు కారు ఉంది. 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్. 88 వేల కిలోమీటర్లు తిరిగింది, గ్యాస్ కిట్ లేదు. డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఉదయం ఆరింటికి తాళం తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంటుంది గాని స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నిలబడి ఉన్నప్పుడు) నిలకడగా ఆడదు. ఆర్‌పీఎమ్ ముల్లు 600కూ 1,100కూ మధ్య ఊగుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, గేరు పక్కన గుంటలో వేసిన చిల్లర గలగలమంటుంది. రెండు మూడు సార్లు ఆగిపోయింది కూడా. ఐదారు నిమిషాల తరువాత ఈ జబ్బు పూర్తిగా మాయమవుతుంది, ఇక రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. చెక్ ఇంజన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

షెడ్డుకు తీసుకువెళ్లేసరికి బండి వేడెక్కి ఉంటుంది కనుక అక్కడ ఏ లోపమూ కనబడటం లేదు. అయినా నాలుగు ప్లగ్గులూ, ఎయిర్ ఫిల్టరూ మార్చారు, థ్రాటిల్ బాడీలోని మసి కడిగారు. తేడా రాలేదు. ఇప్పుడు ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలంటున్నారు. పెట్రోలులో ఇథనాల్ పెరిగినందువల్లే ఇలా అవుతోందని మా పక్కింటివారు అంటున్నారు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకేమి చూడాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1

అయ్యా, ఇంజెక్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. నేను ఇరవై ఏళ్లుగా వరంగల్‌లో ఇదే పని చేస్తున్నాను. చలిలో మాత్రమే వచ్చే లోపాన్ని చలిలోనే పట్టుకోవాలి, వేడెక్కిన బండిని ఎంత వెతికినా అది దొరకదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కొంత ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) గోడలకు తడిగా అంటుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఈసీఎమ్ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) చలిని బట్టి పెట్రోలు పెంచుతుంది, స్లో స్పీడునూ పెంచుతుంది. సైలెన్సర్ వైపు ఉండి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్ సుమారు 300 డిగ్రీలకు చేరితే గాని సరిగా పనిచేయదు కాబట్టి, మొదట్లో పోసిన పెట్రోలు చాలిందో లేదో ఈసీఎమ్‌కు తెలిసే మార్గం లేదు. ఆ సమయంలో అది ముఖ్యంగా నమ్ముకునేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌నే. ఆ సెన్సర్ "ఇంజన్ కొంచెం వెచ్చగానే ఉంది" అని తప్పు చెబితే పెట్రోలు తక్కువ పడుతుంది, మీరు చెప్పిన లక్షణాలన్నీ కనబడతాయి. ఆ తప్పు అంకె అసాధ్యమైనది కాకపోతే లైటు వెలగదు.

అందువల్ల రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారాక ఇంజన్ తిప్పకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, స్కానర్‌లో (ఈసీఎమ్ అంకెలు చదివే పరికరం) కూలెంట్ ఉష్ణోగ్రతనూ ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతనూ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో ఆ రెండింటికీ రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఫోనుకు కలిసే చిన్న బ్లూటూత్ స్కానర్ ఇందుకు చాలు.

అవి సరిపోతే రబ్బరు గొట్టాలు చూడాలి. పాతబడిన వ్యాక్యూమ్ గొట్టాలు చలికి గట్టిపడి, అంచుల దగ్గర గాలి పీలుస్తాయి. వేడెక్కితే మెత్తబడి మూసుకుంటాయి. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే గొట్టాన్ని తప్పక వంచి చూడండి, పగుళ్లు వంపులోనే బయటపడతాయి.

ఇక ఇథనాల్ సంగతి. ఆవిరి కావడానికి అది పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి తీసుకుంటుంది కనుక, చలిలో కొంత ప్రభావం ఉండే మాట నిజమే. అయితే ఇంజన్ ఆగిపోయేంత తేడా దానివల్లే వస్తోందని నేను అనుకోను.

జవాబు 2

పైవారు చెప్పినవాటితో పాటు కూలెంట్ మట్టం తగ్గుతోందేమో కూడా గమనించండి. నా బండిలోనూ ఉదయం మొదటి నిమిషం ఇలాగే మిస్ అయ్యేది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) లోపం వల్ల రాత్రిపూట కూలెంట్ ఒక సిలిండర్‌లోకి ఊరుతోందని తెలిసేసరికి ఆలస్యమైంది, హెడ్ విప్పి ఫేసింగ్ (దాని అడుగుభాగాన్ని చదును చేయడం) చేయించవలసి వచ్చింది. తెల్లవారి స్టార్ట్ చేయకముందే ప్లగ్గులు విప్పితే, ఊరుతున్న సిలిండర్ ప్లగ్గు తడిగా కనబడుతుంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ వేడిగా ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చెప్పినట్టే చూశాను. ఇన్‌టేక్ గాలి 12 డిగ్రీలు, కూలెంట్ 41 డిగ్రీలు చూపించింది! ఇంజన్ మీద చెయ్యి పెడితే మంచులా ఉంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే లోపల పిన్నుల చుట్టూ ఆకుపచ్చని జిగురు తడి ఉంది, వాసన చూస్తే కూలెంటే. అయితే నాకొక సందేహం: సెన్సర్ పాడైతే వేడెక్కాక కూడా తప్పు చూపించాలి కదా? అప్పుడు స్కానర్‌లో 86 డిగ్రీలే వస్తోంది, ఫ్యాన్ కూడా సమయానికే తిరుగుతోంది.

జవాబు 1 రాసినవారి నుంచి

మంచి ప్రశ్న. ఈ సెన్సర్ రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓముల్లో కొలుస్తారు) చలిలో ఎక్కువ, వేడిలో తక్కువ. 12 డిగ్రీల దగ్గర మూడు వేల ఓముల పైన ఉండేది, 80 దాటాక మూడు వందల ఓముల దాకా పడిపోతుంది. మీ సెన్సర్ సీలు పోయి కూలెంట్ కనెక్టర్‌లోకి ఊరింది, ఆ తడి గుండా కొంత కరెంటు పక్కదారి పడుతోంది. సెన్సర్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉన్న చలిలో ఆ పక్కదారి లెక్కంతా తప్పిస్తుంది. వేడెక్కాక కరెంటు చాలా వరకు సెన్సర్ గుండానే పోతుంది కాబట్టి తప్పు కొద్ది డిగ్రీలే ఉంటుంది. సెన్సర్‌ను వాషర్‌తో సహా మార్చండి, కనెక్టర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి బాగా ఆరనివ్వండి, వైర్ల లోపలికి తడి పాకిందేమో నాలుగు అంగుళాల వరకు చూడండి. కారిన మేరకు కూలెంట్ పోసి, గాలి బుడగలు తీయడం మరువవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు

సెన్సర్ మార్చి నాలుగు రోజులైంది. ఈ ఉదయం గాలి 11, కూలెంట్ 12 డిగ్రీలు. ఆర్‌పీఎమ్ 1,300 దగ్గర నిలబడి, మెల్లగా 800కు దిగింది. చిల్లర చప్పుడు లేదు. ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ పొడిగా ఉన్నాయి, కూలెంట్ మట్టం కూడా తగ్గలేదు.